అధికారమునకు గడువు

మా యక్క కుమారుడు అమెరికాలో డాలసు నగరమున నుద్యోగము చేయుచున్నాడు. ఆదివారము ఉదయము మాకు కాఫీవేళ యైనప్పుడు వానికి శనివారము రాత్రి భోజనవేళ యగును. ఆ సమయమునకు వాడు ఫోను చేయుటయు, ఇంటిల్లిపాదియు వానితో ముచ్చటించుటయు మాకు వాడుక. 2025 జనవరి 20వ తేదీన డొనాల్డు ట్రంపు రెండవమారు అధ్యక్షుడుగా ప్రమాణము చేసెను గదా! ఆ తరువాతి యాదివారమున మాటలనడుమ మా మేనల్లుడు "మామా, ఇక్కడ ఎంతటివాడైనను రెండుమార్లు మాత్రమే అధ్యక్షుడుగా ఎన్నిక కాగలడు. రాజ్యాంగములో వ్రాసిపెట్టినారు" అనెను.

నేను వెంటనే "ఇదేమి న్యాయము? ప్రజలు కోరుచుండగా చట్టము అడ్డుపడుటయా? సమర్థుడైనవాడు మూడుమార్లు కాదు, ముప్పదిమార్లుండిన తప్పేమి?" అని వాదమునకు దిగితిని. వాడు నవ్వి మాట మార్చెను. ఫోను పెట్టివేసిన పిదప, చేటలో బియ్యము చెరుగుచున్న నా భార్య తల యెత్తకయే "అమెరికా అధ్యక్షునిమీద మీకింత జాలి యెప్పటినుండి?" అని యడిగినది.

ఆమె ప్రశ్నలోని చమత్కారము చదువరులకు తెలియవలెనన్న, నా సంగతి కొంత చెప్పుకొనక తప్పదు. మా మంథనిలో మేము కొందరము కలిసి యొక చిన్న పఠనమందిరమును నడుపుచున్నాము. రెండు గదులు, ఐదు అలమరలు, వార్తాపత్రికల బల్ల యొకటి, ఇదియే దాని యాస్తి. దానిని స్థాపించినవారు నాకు సంస్కృతము చెప్పిన గురువుగారు. వారు జీవించియున్నంతకాలము వారే కార్యదర్శి. వారి యనంతరము, 2019లో, సభ్యులు నన్నెన్నుకొనిరి. మూడేండ్లకొక పర్యాయము. 2022లో రెండవమారు ఎన్నుకొనిరి. 2025 ఉగాది తరువాత మరల ఎన్నిక జరుగవలసియుండెను. మూడవమారు కూడ నేనే యుండవలెనని నా కోరిక. అయితే ఆ కోరికను నేను కోరికగా చెప్పుకొనలేదు. "నాకేమియు లేదు, అందరును బలవంతము చేయుచున్నారు" అని చెప్పుకొంటిని. ఆ 'అందరు' ఎవరో లెక్కపెట్టినచో ఇద్దరో ముగ్గురో తేలియుందురు.

కావున ఆ యుదయమున నేను వాదించినది అమెరికా అధ్యక్షుని పక్షమున గాదు, నా పక్షముననే. ఉపాధ్యాయునకు ఒక దురలవాటు గలదు. తన కోరికకు పుస్తకములలో సాక్ష్యము దొరకువరకు నిద్రపోడు. నేనును ఆ వారమంతయు అమెరికా చరిత్రను తిరుగవేసితిని.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగము వ్రాసిన పెద్దలు ఈ సంగతిని గూర్చి మిక్కిలి తర్కించిరి. అధ్యక్షుడు ఏడేండ్లుండవలెను, మరల ఎన్నిక కాగూడదు అనునది ఒక ప్రతిపాదన. తుదకు నాలుగేండ్ల గడువు పెట్టి, ఎన్నిమార్లయినను ఎన్నిక కావచ్చునని విడిచిరి. దానిని సమర్థించుచు అలెగ్జాండరు హామిల్టను వ్రాసిన వ్యాసము నాకు దొరకినది. మరల ఎన్నికగు నాశ లేనివాడు శ్రద్ధగా పనిచేయునా? అనుభవము సంపాదించినవానిని, ఆ యనుభవము అక్కరకు వచ్చు వేళనే పంపివేయుట వివేకమా? ఆపత్కాలమున దేశమునకు కావలసినవాడే వెలుపల నుండవలసివచ్చిన నేమి గతి? ఆయన ప్రశ్నలు ఇట్టివి. వానిని చదివి నేను పొంగిపోతిని. మా పఠనమందిరమును దృష్టిలో నుంచుకొనియే ఆయన వ్రాసెనేమో యనిపించినది!

అయితే ఆ దేశపు టాచారము హామిల్టను మాటను అనుసరింపలేదు. మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టను రెండు పర్యాయములు ముగియగనే, 1797లో, తన పొలమునకు తాను మరలిపోయెను. ఉండుమని కోరినవారు లేక కాదు. మూడవ అధ్యక్షుడైన జెఫర్సను 1807లో వెర్మాంటు శాసనసభకు వ్రాసిన జాబులో, గడువును చట్టమైనను ఆచారమైనను నిర్ణయింపకున్నచో, పేరునకు కొన్నియేండ్ల పదవియైనది నిజమునకు యావజ్జీవ పదవి యగునని భయము తెలిపెను. అంతట రెండుమార్లనునది వ్రాయని శాసనమైనది. దానిని దాటజూచినవారు లేకపోలేదు. అంతర్యుద్ధమున గెలిచిన సేనాని గ్రాంటు 1880లో మూడవమారునకు యత్నించి తన పక్షమువారి సభలోనే ఓడెను. థియోడోరు రూజువెల్టు 1904లో ఇక నిలువనని ప్రకటించి, 1912లో మాట తప్పి నిలిచెను. మిల్వాకీ నగరమున ఒక యున్మత్తుడు, మూడవమారు కోరువాడు బ్రతుకరాదని చెప్పి, ఆయనను తుపాకితో కాల్చెను. జేబులోని యుపన్యాసపు కాగితముల కట్టయు కండ్లద్దముల పెట్టెయు అడ్డుపడి ప్రాణము దక్కెను గాని, ఎన్నికలో గెలుపు దక్కలేదు.

ఆ కట్టును నిజముగా తెంచినవాడు ఫ్రాంక్లిను రూజువెల్టు. 1932లోను 1936లోను గెలిచి, యూరపులో యుద్ధాగ్ని రగులుచుండగా 1940లో మూడవమారును, 1944లో నాలుగవమారును ఆయన ఎన్నికయ్యెను. ప్రజలే కోరి ఎన్నుకొనిరి. ఆయన దుష్టుడు కాడు. దారిద్ర్యముతో క్రుంగిన దేశమును లేవనెత్తినవాడని పెక్కురు కొనియాడుదురు. "చూచితివా, మంచివానికి గడువేల?" అని నాలో నేననుకొంటిని. ఆ పుటకు గుర్తు పెట్టి పుస్తకము మూసితిని. ఆ మరుసటి పుట చదువుటకు నాకొక జ్వరము కావలసివచ్చినది.

ఫిబ్రవరి మొదటివారమున నాకు విషజ్వరము తగిలినది. కరీంనగరములో ఒక వైద్యాలయమున పదిదినములు, ఇంట మంచముపై మరి మూడువారములు గడచినవి. ఒకనాడు కొంచెము తేరుకొని కూర్చుండి, పరామర్శకు వచ్చిన మిత్రునితో "మందిర మెట్లు నడుచుచున్నది?" అంటిని. "నడుచుట యెక్కడిది? నీవు పడినది మొదలు తాళమే" అని యాయన బదులు చెప్పెను. చదువరులారా, నిజము చెప్పవలెనన్న, ఆ మాట విన్నంతనే నాకు కలిగినది విచారము గాదు, ఒకవిధమైన తృప్తి. నేను లేనిదే నడువదని లోకమునకు తెలిసినది గదా యని!

ఆ సాయంకాలమే ఒక బాలిక, కాదు, ఇరువదిరెండేండ్ల యువతి, తన తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. మా పాఠశాలలో నా యొద్ద చదువుకొన్నదే. పట్టము పొంది ఉద్యోగమునకై పోటీపరీక్షకు సిద్ధపడుచున్నది. ఇంట ఒకే గది, చిన్నపిల్లల గోల. అందువలన దినమును మా మందిరములోనే కూర్చుండి చదువుకొనెడిది. "సారు, ఒంట్లో ఎట్లున్నది?" అని యడిగి, కొంతసేపు ఊరకుండి, మెల్లగా "తాళపుచెవి ఇచ్చినట్లయిన నేనే తెరిచి, ఊడ్చి, మూసి, మీకు తెచ్చి యిచ్చెదను" అన్నది. తాళపుచెవి నా యంగీ జేబులో నున్నది. ఆ యంగీ చిలుకకొయ్యకు వ్రేలాడుచున్నది. నెలదినములు అది అక్కడనే యున్నది. ప్రతిసాయంకాలము ఆ పిల్ల వచ్చి, తాళము చూచి, మరలిపోయినదట. ఆమె వంటివారు మరి ఏడెనిమిది మంది.

రెండవ తాళపుచెవి యెవరి యొద్దనైన నుంచవలెనని ఆరేండ్లలో నాకు తోచలేదు. చందాల లెక్క నాకు తప్ప మరియొకరికి తెలియదు. ఏ పుస్తకము ఏ యలమరలో నున్నదో నా తలలో తప్ప ఏ పట్టికలోను లేదు. నేను చేసిన సేవయని యింతకాలము పొంగిన దానిలో సగము, ఇతరులకు పని నేర్పకుండుటయే. నేను లేనిదే నడువకపోవుట నా గొప్పకు సాక్ష్యమని సాయంకాలమువరకు అనుకొన్నాను. రాత్రి పండుకొన్న పిదప అది నా తప్పునకు సాక్ష్యమని తెలిసికొంటిని.

నిద్ర పట్టక, గుర్తు పెట్టిన పుటను మరల తెరచి ముందునకు చదివితిని. 1945 జనవరిలో నాలుగవమారు ప్రమాణము చేసిన రూజువెల్టు ఏప్రిల్ 12వ తేదీన మరణించెను. ఉపాధ్యక్షుడైన హారీ ట్రూమను ఆ సాయంకాలమే అధ్యక్షుడయ్యెను. ఆయన ఉపాధ్యక్షుడై 82 దినములు మాత్రమే యైనది. అంతటి మహాయుద్ధము నడుచుచుండగా, తన దేశము పరమాణుబాంబును సిద్ధపరచుచున్నదని ఆ యుపాధ్యక్షునకు ఎవ్వరును చెప్పియుండలేదు! ప్రమాణము చేసిన నాటి సాయంకాలము యుద్ధమంత్రియగు స్టిమ్సను చెవిలో నొక్క ముక్క వేసెను. పూర్తి వివరము ఏప్రిల్ 25న తెలిపిరి. ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై ఆ బాంబులు పడినవి. పండ్రెండేండ్లు దేశమును మోసినవాడు, తన తరువాతివానికి ఆ తాళపుచెవిని చూపనైన చూపలేదు. ఆయన చెడ్డవాడు కాడు. తాను లేని దినము ఒకటి వచ్చునని తలంపలేదు, అంతే. నా యంగీ జేబునకును ఆ మహానుభావుని మేజాసొరుగునకును గల పోలిక నాకు నవ్వును సిగ్గును గూడ తెప్పించినది.

ఆ యనుభవమునుండియే అమెరికనులు వ్రాయని శాసనమును వ్రాసికొనిరి. 1947 మార్చిలో వారి ప్రతినిధి సభలు ఇరువదిరెండవ సవరణను అంగీకరించినవి. కావలసినన్ని రాష్ట్రములు ఒప్పుకొని అది 1951 ఫిబ్రవరి 27న అమలులోనికి వచ్చినది. ఎవ్వడును రెండుమార్లకంటె ఎక్కువ ఎన్నిక కాగూడదు. ఇతరుని పర్యాయములో రెండేండ్లకు మించి పదవి నిర్వహించినవాడు ఒక్కమారే ఎన్నిక కావచ్చును. రూజువెల్టు మీది కక్షచే ప్రతిపక్షమువారు దానిని పట్టుదలతో సాధించిరని కొందరందురు. అందులో కొంత నిజము లేకపోలేదు. అయినను, కక్షతో త్రవ్విన బావియైనను నీరు త్రాగదగినదైనచో త్రాగుటకు అభ్యంతర ముండనక్కరలేదు.

ఈ సంగతి మన యిండ్లలోని స్త్రీలకు క్రొత్తది గాదు. మా బాపమ్మ మొలలో తాళపుచెవుల గుత్తి యుండెడిది. మా తల్లి కాపురమునకు వచ్చి, నలుగురు బిడ్డలను గని, పెద్దబిడ్డకు పెండ్లి చేసిన పిదప గూడ, వచ్చిన చుట్టమునకు చాయ పెట్టవలెనన్న చక్కెరకై అత్తగారి నడుగవలసినదే. మా బాపమ్మ గయ్యాళి కాదు. కోడలిని ప్రేమించినది, రోగము వచ్చినప్పుడు రాత్రులు మేలుకొన్నది. కాని గుత్తి మాత్రము విడువలేదు. ఆమె పోయిన పదునొకండవనాడు అది మా తల్లి చేతికి వచ్చినప్పుడు మా తల్లికి ఏబదియవ యేడు. ఏ పొలమునుండి ఎన్ని బస్తాల వడ్లు రావలెనో, ఎవరికి ఎంత బాకీయో, ఏమియు తెలియదు. ఆ యేడు మమ్ములను మోసగింపనివారు తక్కువ.

అయితే మా తల్లి తాను పడినపాటు మరువలేదు. నా భార్య వచ్చిన యైదవయేట, ఉగాదినాడు, పచ్చడి గిన్నెతోపాటు తాళపుచెవుల గుత్తిని ఆమె ముందుంచి, "నేనున్నప్పుడే నీవు తప్పులు చేయుము, సరిదిద్దుటకు నేనున్నాను" అన్నది. అమెరికా రాజ్యాంగమును ఆమె యెరుగదు. నేను రెండు భాషల పుస్తకములు తిరుగవేసి కనుగొన్నదానిని ఆమె చక్కెర డబ్బాయొద్దనే కనుగొన్నది.

మన పురాణములును దీనిని గూర్చి మౌనము వహింపలేదు. శుక్రశాపమున ముదిమి సంప్రాప్తింపగా, యయాతి తన గడువును పొడిగించుకొనుటకు కొడుకుల యౌవనమును యాచించెను. నలుగురు కాదనిరి, కడగొట్టువాడైన పూరువు ఇచ్చెను. వేయేండ్లు భోగించియు తృప్తి కలుగలేదని యొప్పుకొని, యయాతి తుదకు ఆ యౌవనమును మరల కుమారునకిచ్చి, రాజ్యమునను వానినే నిలిపి, వనమునకు పోయెను. ఈ కథను కామమును గూర్చిన నీతిగా మనము చెప్పుకొందుము. పదవిని గూర్చిన నీతిగా గూడ చెప్పుకొనవచ్చును. ఒకడు తన కాలమునకు మించి నిలుచుటకు కావలసిన కాలము ఆకాశమునుండి రాదు. మరియొకని యౌవనమునుండియే వచ్చును. నేను మూడవమారు కూర్చుండినచో, ఆ మూడేండ్లు ఏ యువకునివో, ఏ యువతివో కావలసినవి.

ఇక నాయముగా రెండవ పక్షమును గూడ చెప్పవలెను. గడువుగల పదవిలో నొక లోపము గలదు. పోవుటకు సిద్ధముగా నున్నవాని మాట యెవరును వినరు. పదవీవిరమణమునకు ఏడాది యున్న ప్రధానోపాధ్యాయుని ఆజ్ఞను పాఠశాలలో ఎట్లు పాటింతురో నేనెరుగుదును. జవాను గూడ రాబోవువాని పేరునే కనుగొనజూచును. అమెరికాలో రెండవ పర్యాయములు తరచుగా చిక్కులపాలైనవి. నిక్సను 1974లో రాజీనామా ఇచ్చెను. క్లింటను మీద 1998లో ప్రతినిధి సభ యభియోగము మోపెను. అంతకంటె గట్టి యాక్షేపణ మా యూరినుండియే రాగలదు.

పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1957 మొదలు 1977 వరకు, నాలుగు ఎన్నికలలో వరుసగా గెలిచి, మా మంథని పక్షమున శాసనసభలో నుండిరి. ఆ కాలముననే, 1971 సెప్టెంబరు నుండి 1973 జనవరి వరకు, ముఖ్యమంత్రి పదవి వహించిరి. 1977లో హనుమకొండనుండి లోకసభకు వెళ్లిరి. 1991 నాటికి డెబ్బదియవ యేట, ఆ యెన్నికలలో నిలువనే నిలువక, రాజకీయముల నుండి విరమించుటకు సిద్ధపడిరి. రాజీవుగాంధి హత్యానంతరము దేశము వారిని పిలిచెను. జూన్ 21న ప్రధానమంత్రియై, విదేశముల బాకీలు తీర్చుటకే నిధులు చాలని స్థితిలోనున్న దేశపు టార్థికవ్యవస్థను క్రొత్త దారికి మరల్చిరి. "ఇంతకాలము చాలును, ఇంటికి పొండు" అను చట్టముండినచో ఏమయ్యెడిది? అని యెవరైన నడుగవచ్చును.

నేను చాలదినములు ఈ ప్రశ్నతో పెనగులాడితిని. తుదకు నాకు తోచినదేమనగా, గడువు పదవికేగాని మనుష్యునకు కాదు. నరసింహారావుగారు ఒకే కుర్చీలో ముప్పదియేండ్లు కూర్చుండలేదు. శాసనసభనుండి లోకసభకు, ఒక శాఖనుండి మరియొక శాఖకు కదలుచుండిరి. అమెరికాలో జాన్ క్విన్సీ ఆడమ్సు అధ్యక్షపదవి దిగిన పిదప, 1831 మొదలు 1848లో మరణించువరకు, సామాన్య ప్రతినిధిగా సభలో కూర్చుండి బానిసత్వమునకు విరోధముగా పోరాడెను. టాఫ్టు అధ్యక్షత యనంతరము 1921లో ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. కుర్చీ విడిచినంతమాత్రమున అనుభవము గోదావరిలో కలిసిపోదు.

మన రాజ్యాంగము ఈ విషయమున వేరుదారి త్రొక్కినది. ఏబదియేడవ యధికరణము ప్రకారము రాష్ట్రపతి మరల ఎన్నిక కావచ్చును, ఇన్నిమార్లే యను కట్టు లేదు. అయినను బాబూ రాజేంద్రప్రసాదుగారు తప్ప రెండుమార్లు ఎన్నికైనవారు లేరు. తెలుగునాటితో సంబంధముగల ముగ్గురు, సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు 1967లో, వి. వి. గిరిగారు 1974లో, నీలం సంజీవరెడ్డిగారు 1982లో, ఒక్కొక్క పర్యాయముతోనే వెడలిరి. ప్రధానమంత్రికి మాత్రము చట్టమును లేదు, ఆచారమును లేదు. దానికి కారణము డాక్టరు అంబేద్కరుగారు 1948లో రాజ్యాంగసభలో తెలిపిరి. అమెరికాలో అధ్యక్షుని జవాబుదారీ ఎన్నికలవేళనే పరీక్షింపబడును. మన పద్ధతిలో మంత్రులు సభలో ప్రతిదినమును పరీక్షింపబడుదురు. ఆ మాట బలమైనదే. అయితే పరీక్షించువారు నిద్రించినప్పుడు ఏమగునో మనము చూచితిమి. 1976లో నలుబదిరెండవ సవరణచే లోకసభ తన గడువును తానే ఆరేండ్లకు పెంచుకొన్నది; 1978లో నలుబదినాలుగవ సవరణ దానిని మరల ఐదేండ్లకు దించవలసివచ్చినది.

ఓటరు తానే గడువు పెట్టగలడను వాదమునకును మా యూర దృష్టాంతము గలదు. 1999, 2004, 2009 ఎన్నికలలో వరుసగా గెలిపించిన దుద్దిళ్ల శ్రీధరుబాబుగారిని మావారు 2014లో ఓడించి, 2018లోను 2023లోను మరల గెలిపించిరి. ప్రజలకు వివేకము లేదని నేనెట్లందును? కాని ఓటరు ఉన్నవానిని దింపగలడేగాని, తెరచాటున నిలిచి యెన్నడును ముందునకు రాలేనివారిని వెలికి తీయలేడు. దానికి నియమమే కావలెను. 1992లో పార్లమెంటు అంగీకరించి, 1993లో అమలులోనికి వచ్చిన డెబ్బదిమూడవ సవరణ, పంచాయతులలో మూడవవంతునకు తక్కువ గాకుండ స్త్రీలకు కేటాయించి, ఆ స్థానములను వంతులవారీగా మార్చవచ్చునన్నది. మన రాష్ట్రమున నిప్పుడది సగము. తరతరములుగా ఒకే యింట పాతుకొన్న సర్పంచి పదవి, వంతు వచ్చుటచే మరియొక యింటికి, మరియొక కులమునకు, ఒక స్త్రీ చేతికి పోయినది. సంతకము ఆమెది, పెత్తనము మగనిది యను చోట్లు నేడును గలవు. ఆ మాట దాచను. అయినను ఆ సంతకమే లేకున్నచో, దానిక్రింద ఏమున్నదని చదువవలెనను కోరిక యామెకు కలుగుటెట్లు?

నియమము కాగితముపై నుండుటయే చాలదనియు ఎరుగుదును. మెక్సికోలో పోర్ఫీరియో డయాజు పునరెన్నిక కూడదను కేకతోనే లేచి, తాను గద్దెనెక్కిన పిదప, నడుమ ఒక పర్యాయము దిగినను, మరల ఎక్కి 1911 వరకు దిగలేదు. చైనాలో రెండు పర్యాయముల కట్టును 2018లో ఒక్క యోటింగుతో తొలగించిరి. మంచివారు కుర్చీలోనుండి తమంతట తాము పాటించినప్పుడే నియమమునకు ప్రాణము వచ్చును.

ఉగాది గడచిన పిదప సర్వసభ్యసమావేశము జరిగినది. నేను మూడు ప్రతిపాదనలు వ్రాసి తీసికొనిపోతిని. కార్యదర్శి వరుసగా రెండుమార్లకంటె ఉండరాదు. తాళపుచెవులు రెండు, ఇద్దరియొద్ద నుండవలెను. లెక్కలపుస్తకము మందిరములోనే, ఎవరైనను చూడదగినచోట నుండవలెను. రెండవదియు మూడవదియు క్షణములో ఆమోదింపబడినవి. మొదటిదానియొద్ద ఒక పెద్దమనిషి లేచి, "నియమములు దుర్మార్గులకు గదా, మనవానికేల? ఈ నియమము రాబోవువారికి వర్తించునని వ్రాయుదము; ఇప్పటి కార్యదర్శికి మినహాయింపు" అనిరి. పలువురు తలలూపిరి.

నేను ఆ నిముసమును ఇప్పటికిని మరువలేదు. నాలుకచివరకు "మీ యిష్టము" అను మాట వచ్చినది. అమెరికనులును సరిగా ఇట్లే చేసిరి. సవరణ చేసిననాటి అధ్యక్షుడైన ట్రూమనునకు అది వర్తింపదని వ్రాసిరి. ఆయన మరల నిలువవచ్చును. నిలువనని 1952 మార్చి 29న ఆయన ప్రకటించెను. జనాదరణ తగ్గినందున దిగెనని చరిత్రకారు లందురు, కావచ్చును. నాకును వైరాగ్యము పండలేదు, చిలుకకొయ్యకు వ్రేలాడిన యంగీ కండ్లయెదుట నిలిచినది. "దుర్మార్గుడు వచ్చిన పిదప ఈ నియమమును చేయలేము, చేయనీయడు. మీకు నామీద దయ యున్నప్పుడే చేయుడు" అని కూర్చుంటిని.

ఒక యువన్యాయవాది కార్యదర్శి యయ్యెను. నెలదినములు తాళము చూచి మరలిపోయిన యువతిని సహకార్యదర్శిగా నెన్నుకొనిరి. "ఆడపిల్ల, రాత్రి ఎనిమిదింటికి తాళమెట్లు వేయును?" అని యొకరనగా, ఆమె తల్లి వెనుక వరుసనుండి "నేను తోడు వచ్చెదను" అన్నది. మా సంఘములో పదవి వహించిన మొదటి స్త్రీ ఆమె. రెండవ తాళపుచెవి ఆమెయొద్ద నున్నది.

అంతయు సుఖముగా నున్నదని చెప్పిన అబద్ధమగును. నేనెంతో యిష్టపడి తెప్పించిన యొక మాసపత్రికను, చదువువారు లేరని, వారు మాన్పిరి. బల్లను కిటికీయొద్దకు జరిపిరి. రసీదుపుస్తకములో ఒక తప్పు దొరలినది. చెప్పవలెనని కాళ్లు అటులాగినను రెండు దినములు బిగబట్టితిని. మూడవదినము వారే వచ్చి యడిగిరి, కూర్చుండి సరిదిద్దితిమి. నేనున్నప్పుడు ఎనిమిదింటికి మూసెడివారము. మొన్న గోదావరి యొడ్డునుండి మరలి వచ్చుచు తొమ్మిదింటికి అటుగా నడచితిని. లోపల దీపము వెలుగుచున్నది. తల్లి గడపయొద్ద కూర్చుండి పత్తివత్తులు చేసికొనుచున్నది. లోపల ఆరేడుగురు తలలు వంచుకొని చదువుచున్నారు. ఎవరును నన్ను చూడలేదు. నాకు కొంత కష్టముగనే యుండినది.

ఇంటికి వచ్చి నా భార్యతో ఆ సంగతి చెప్పగా, "చప్పట్లు కొట్టవలెనా?" అన్నది. చదువరులారా, మీ యింటనో, మీ సంఘములోనో, తాళపుచెవి యెవరి జేబులో నున్నదో ఒకమారు చూడుడు. మీ జేబులోనే యున్నయెడల, జ్వరము వచ్చువరకు ఆగకుడు.